స్కానులో కనబడని వ్యాధి

ఇబ్రహీంపట్నంలో మా వద్ద ఖుర్ఆన్ కంఠస్థం చేస్తున్న ఒక బాలునికి మూర్ఛ వ్యాధి ఉంది. తండ్రి గల్ఫ్‌లో ఉంటాడు. తల్లి నిజామాబాద్ తీసుకువెళ్లి ఎం.ఆర్.ఐ. తీయించగా లోపమేమీ కనబడలేదని నివేదిక వచ్చింది. బంధువులు వెంటనే తీర్పు చెప్పేశారు: "మెదడు బాగానే ఉందట, అయితే ఇది జిన్నుల పనే." మాత్రలు మానిపించి తావీజు కట్టించారు. నెల తిరగకముందే బాలుడు సబఖ్ వినిపిస్తూ మా కళ్లెదుటే పడిపోయాడు.

నివేదిక అబద్ధం చెప్పలేదు. దానిని అర్థం చేసుకోవడంలోనే పొరపాటు జరిగింది. ఎం.ఆర్.ఐ. యంత్రం బలమైన అయస్కాంతం, రేడియో తరంగాల సాయంతో ప్రధానంగా శరీరంలోని నీటి హైడ్రోజన్ సంకేతాన్ని గ్రహిస్తుంది. దానివల్ల మెదడు ఆకృతి తెలుస్తుంది. గడ్డ, మచ్చ ఉంటే బయటపడతాయి. రసాయనాల హెచ్చుతగ్గులు తెలియాలంటే స్పెక్ట్రోస్కోపీ కావాలి. ఫజ్ర్ వేళ నాలుగు మస్జిదుల అజాన్ ఒకేసారి వినిపించినా ఏ గొంతు ఎవరిదో పోల్చుకుంటాం కదా! అలాగే ఒక్కొక్క రసాయనంలోని హైడ్రోజన్ కాస్త వేరైన పౌనఃపున్యంలో పలుకుతుంది. అయితే నీటి ఘోష ముందు ఆ గొంతులు అతి బలహీనం.

అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో రవీందర్ రెడ్డి గారు (ఈ పేరు మన పల్లెల్లో నిత్యం వినబడేదే) ఈ చిక్కుకు ఉపాయం వెదికారు. నాడీకణాలను ఉత్తేజపరచే గ్లూటమేట్‌లోని కొన్ని హైడ్రోజన్‌లు చుట్టూ ఉన్న నీటి హైడ్రోజన్‌లతో నిరంతరం స్థానాలు మార్చుకుంటాయి. తగిన రేడియో తరంగంతో వాటి సంకేతాన్ని అణచివేస్తే, అవి నీటిలో చేరి నీటి సంకేతాన్నే కొంత తగ్గిస్తాయి. ఆ తగ్గుదలను కొలిచి గ్లూటమేట్ పటం గీస్తారు. 'గ్లూసెస్ట్' అనే ఈ పద్ధతిని ఆయన బృందం 2012లో ప్రకటించింది. 2015లో అదే విశ్వవిద్యాలయ పరిశోధకులు, మామూలు ఎం.ఆర్.ఐ.లో ఏమీ కనబడని నలుగురు మూర్ఛ రోగులను 7 టెస్లా యంత్రంతో పరీక్షించిన ఫలితాలు వెలువడ్డాయి. మూర్ఛ మెదడులో ఏ వైపు నుండి పుడుతున్నదో నలుగురిలోనూ ఆ పటం చూపింది.

నలుగురంటే తక్కువే. మన ఆసుపత్రుల యంత్రాలు సాధారణంగా 1.5 లేదా 3 టెస్లావి. ఈ పరీక్ష మనకు ఇప్పట్లో అందేది కాదు. కానీ స్కానులో ఏమీ లేకపోయినంత మాత్రాన మెదడులో వ్యాధి లేనట్లు కాదని ఆ తల్లికి చెప్పడానికి మాకు ఇది చాలు. మూర్ఛతో బాధపడే ఒక స్త్రీ దైవప్రవక్త (స) సన్నిధికి వచ్చి తన వ్యాధిని దాచకుండా విన్నవించుకుంది. మనమైతే ఆడపిల్లకు మూర్ఛ ఉంటే నికాహ్ దాకా దాస్తాం!

ఆమె మళ్లీ వైద్యుని వద్దకు వెళ్లింది. మాత్రలు మొదలయ్యాయి. బాలుడిప్పుడు పన్నెండవ పారాలో ఉన్నాడు.