తుక్కు అని రాసే ముందు బండిని చూడండి



ప్రతి యాసంగి కోతలప్పుడు మన కొనుగోలు కేంద్రాల్లో ఒకటే మాట వినిపిస్తుంది: "లారీ రాలేదు." వడ్లు ఎండినయి, తూకం అయింది, సంచులు కుట్టిండ్రు, హమాలీలు ఉన్నరు. లారీ మాత్రం లేదు. మబ్బు పడితే టార్పాలిన్ పట్టుకుని ఉరికేది రైతే. మిల్లు దగ్గర తరుగు పేరుతో కోత పడేదీ రైతుకే.

మన రామగుండం, గోదావరిఖని రోడ్ల మీద లారీలకు కరువు లేదు. బొగ్గుకు లారీ ఉంది, ఎన్టీపీసీ బూడిదకు లారీ ఉంది, యూరియాకు లారీ ఉంది. వడ్లకే లేదు. ఏడాది పొడుగునా కిరాయి దొరికే పని వదిలిపెట్టి, రెండు నెలల వడ్ల కోసం ఏ ఓనరు వస్తడు? అందుకే రైతులకు, సహకార సంఘాలకు సొంతంగా బండ్లు ఉండాలని మేము అంటున్నాం. కొత్త లారీ కొనే శక్తి మనకు లేదు. మనకు అందేది పాత బండి. ఇప్పుడు ఆ పాత బండికే గండి పడింది.

సైన్యం బండ్ల సంగతే చూద్దాం. జర్మనీకి చెందిన ఎంఏఎన్ కంపెనీ సహకారంతో 1959లో జబల్‌పూర్‌లో శక్తిమాన్ లారీలు మొదలైనయి. కృష్ణ మీనన్ రక్షణ మంత్రిగా ఉన్న కాలమది. నాలుగు చక్రాలకూ పవర్ అందే బండి, బురదలో దిగబడకుండా కదిలే బండి. తయారీ 1990ల్లోనే ఆగిపోయింది. కానీ సైన్యం వేలంలో అమ్మిన ఆ లారీలు ఈశాన్య రాష్ట్రాల కొండదారుల్లో ఏండ్ల తరబడి కలప మోసినయి. కొత్త బండి దిగబడే చోట అవి నడిచినయి. వాన పడ్డ మన నల్లరేగడి బాటలకు కావలసింది అలాంటి బండే.

సైన్యానికీ, సేద్యానికీ ఏం సంబంధమని నవ్వేవాళ్లున్నరు. జర్మనీలో యునిమోగ్ అనే బండిని రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినంక వ్యవసాయం కోసమే తయారుచేసిండ్రు. తర్వాతే అది సైన్యాలకు పోయింది. ఫిలిప్పీన్స్‌లో అమెరికా సైన్యం వదిలిపోయిన జీపులను అక్కడి జనం పొడుగు చేసి, సీట్లు బిగించి జీప్నీలుగా మార్చుకున్నరు. 2017లో అక్కడి ప్రభుత్వం ఆధునికీకరణ పేరు చెప్పి పాత జీప్నీలు తీసేయాలన్నది. కొత్త బండి అప్పు మోయలేమని డ్రైవర్లు 2023లో సమ్మెకు దిగిండ్రు. ఇక్కడ మన ముందున్నదీ అదే ప్రశ్న.

మన దగ్గర ఏం జరిగింది? 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏండ్లు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దు. ప్రభుత్వ రంగ సంస్థల బండ్లు, ఆర్టీసీ బండ్లు కూడా ఇందులోకే వస్తయి. వాటిని రిజిస్టర్డ్ తుక్కు కేంద్రానికే పంపాలి. అంటే ఇంకో పదేండ్లు నడిచే బండి అయినా సరే, నడిచే బండిగా రైతు చేతికి రాదు. కానీ దేశ రక్షణ, శాంతిభద్రతలకు వాడే ప్రత్యేక వాహనాలకు మినహాయింపు ఇచ్చిండ్రు. వయసు దాటినా బండి పనికొస్తదని సర్కారే ఒప్పుకున్నట్టు కాదా? వాళ్ల పనికి వచ్చేది మన పనికి ఎందుకు రాదు?

ప్రైవేటు బండికి ఫిట్‌నెస్ ఉంటే తిరగొచ్చు అంటరు. కానీ 15 ఏండ్లు దాటిన భారీ లారీ ఫిట్‌నెస్ సర్టిఫికెట్‌కు 2022 ఏప్రిల్ నుంచి 12,500 రూపాయలు పెట్టిండ్రు. ఎనిమిదేండ్లు దాటిన రవాణా బండికి అది ఏటా చేయించాల్సిందే. ఆ ఏడాది సాధారణ రకం వడ్ల మద్దతు ధర క్వింటాలుకు 2,040. అంటే ఆరు క్వింటాళ్ల వడ్లు ఒక్క కాగితానికే పోయినయి. ఏడాదంతా తిరిగే లారీకీ, కోతలకే బయటికి తీసే లారీకీ ఒకే ఫీజు. ఇదేం లెక్క?

"పాత బండి ప్రమాదం, పొగ" అంటరు. బ్రేకు లేని బండి రోడ్డెక్కొద్దని మేమూ అంటున్నాం. చంపే బండిని వెనకేసుకురావడం రైతు సంఘం పని కాదు. కానీ బ్రేకు ఫెయిలయ్యేది ఆర్సీ మీద ఉన్న తేదీ వల్ల కాదు. నెలల తరబడి నిలబెట్టిన బండిలో రబ్బరు కప్పులు, హోస్ పైపులు చెడిపోతయి. మార్చకుండా ఆయిల్ పోసి నడిపితే ప్రమాదం. 24 వోల్ట్‌ల బండికి రెండు బ్యాటరీలుంటయి. ఒకదాని నుంచే లైట్లకు కరెంటు గుంజితే అది ముందే చస్తది. నాలుగు చక్రాల పవర్ బురదలోనే వేయాలి. తారు రోడ్డు మీద అట్లనే ఉంచితే గేర్లు అరిగిపోతయి. ఇవి తెలిసిన చేతిలో పాత బండి భద్రం, తెలియని చేతిలో కొత్తదీ ప్రమాదమే.

ఆ చేతులు మన దగ్గరే ఉన్నయి. సింగరేణి వర్క్‌షాపుల్లో డంపర్లు, డోజర్లు విప్పి బిగించి రిటైరైన ఫిట్టర్లు, వెల్డర్లు మన ఊళ్లలోనే ఉన్నరు. వాళ్ల పనితనాన్ని వాడుకునే ఆలోచన ఏ ఆఫీసుకూ లేదు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు. హార్వెస్టర్ ఎక్కించడానికి మన మిస్త్రీ చేసిన మార్పును పరీక్షించి, బాగుంటే ఒప్పుకునే దారి ఉండాలి కదా!

మేము అడిగేది నాలుగు మాటలు.

ఒకటి: వయసు చూసి కాదు, బ్రేకు, స్టీరింగు, పొగ పరీక్షించి బండి ఉండాలో పోవాలో తేల్చాలి.

రెండు: సైన్యం, ప్రభుత్వ సంస్థలు తీసేసే బండ్లలో నడిచేవాటిని తుక్కుకు పంపేముందు సహకార సంఘాలకు ఒక్కొక్కటిగా అమ్మాలి. పదుల బండ్లను ఒకే లాటుగా కట్టి వేలం వేస్తే అది వ్యాపారికే పోతది.

మూడు: కోతల కాలంలోనే నడిచే సంఘం బండ్లకు ఫిట్‌నెస్ ఫీజు తగ్గించాలి. పరీక్ష మన ప్రాంతంలోనే జరగాలి.

నాలుగు: రిటైరైన కార్మికులతో మన ఐటీఐల్లో పాత బండ్ల మరమ్మతు నేర్పించాలి.

వచ్చే గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ నాలుగింటి మీద తీర్మానాలు చేయండి. మీ సెంటర్‌లో తూకం అయిన వడ్లు ఎన్ని రోజులు లారీ కోసం ఆగినయో తేదీలతో రాసి పెట్టండి. ఆ కాగితాలతోనే కలెక్టరేట్‌కు పోదాం. బొగ్గుకు దొరికే లారీ అన్నానికి ఎందుకు దొరకదో అక్కడే అడుగుదాం.