ఫ్లెక్సీ ఫ్లాప్... బతుకమ్మ హిట్!

చిల్పూర్ గుట్టెక్కి బుగులు వెంకన్నకు దండం పెట్టుకునే కుర్రాళ్ళే, కొత్త బొమ్మ పడిన రోజున జనగామ హాలు ముందు ప్రత్యక్షమవుతారు. చేతిలో పూలదండ, భుజాన ఇరవై అడుగుల ఫ్లెక్సీ! అభిమానం మంచిదే. మరి బొమ్మ ఎత్తేశాక ఆ ఫ్లెక్సీ గతేమిటి?

వెనకటికి బ్యానరంటే గుడ్డ. ఆర్టిస్టు కుంచె పట్టి హీరోగారి మీసం దిద్దేవాడు. ఇప్పటి ఫ్లెక్సీ పి.వి.సి. ప్లాస్టిక్. మట్టిలో కుళ్ళదు. కాలిస్తే విషవాయువులు. ఆ ముక్క చెరువు తూముకి అడ్డంపడితే పొలానికి నీరందదు. ఆవు మింగితే దాని పొట్టలోనే ఉండిపోతుంది. 100 మైక్రాన్లకన్నా పల్చని ప్లాస్టిక్ బ్యానర్లను కేంద్రప్రభుత్వం 2022 జూలై 1 నుంచి నిషేధించింది. ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలదీ అదే దారి. అయితే మందం పెంచినంత మాత్రాన మట్టిలో కలుస్తుందా చెప్పండి!

మన ఆడపడుచుల్ని చూడండి. తంగేడు, గునుగు పూలతో బతుకమ్మను పేరుస్తారు. చప్పట్లు కొట్టి ఆడిపాడి, చెరువులో వదులుతారు. పూలు నీళ్ళలో కలిసిపోతాయి. సంబరమంటే అదీ!

అభిమాన సోదరులారా! ఈసారి చందాలతో ఒక్క గుడ్డ బ్యానర్ రాయించండి. రంగులు వేసే చేతికింత పని దొరుకుతుంది. పులిహోర మోదుగాకు విస్తట్లో పంచండి. మిగిలిన డబ్బుతో బడి ముందు ఓ వేపమొక్క నాటి, మీ హీరో పేరే పెట్టుకోండి. కాకపోతే రోజూ నీళ్ళు పొయ్యాలి సుమా! ఎండిపోయిందో... మీ హీరోకి అంతకన్నా పెద్ద ఫ్లాపు ఉండదు!