కొత్త కెటిల్ కొనబోయే ముందు



తెల్లవారుజామున గ్యాసు అయిపోయినప్పుడు, పసిబిడ్డకు పాలపొడి కలపవలసి వచ్చినప్పుడు, జ్వరముతో పడుకున్న పెద్దవారు వేడినీళ్ళు అడిగినప్పుడు కరెంటు కెటిల్ ఎంతగా ఆదుకుంటుందో వాడినవారికి తెలుసు. అందుకే అది పాడైన మరునాడే బజారుకు వెళ్ళి, మెరుస్తున్నదో, చౌకగా దొరికినదో ఒకటి తెచ్చేసుకుంటాము. ఆగండి. కొత్త కెటిల్ ఎంపిక మన ఇంటి గోడ దగ్గర మొదలు కావాలి. అంగడి సంగతి ఆ తరువాత.

ముందుగా, పాతది నిజంగా పాడైందా? బోరు నీళ్ళు వాడే ఇళ్ళలో కెటిల్ అడుగున తెల్లని సున్నపు పొర కడుతుంది. అది మందమయ్యే కొద్దీ నీళ్ళు ఆలస్యంగా కాగుతాయి. ఒక్కొక్కసారి మరగక ముందే స్విచ్ పడిపోతుంది. సగము వరకు నీళ్ళు పోసి, ఒక చెంచా నిమ్మ ఉప్పు వేసి మరగనిచ్చి, అరగంట ఉంచి పారబోయండి. తరువాత ఒకసారి మంచినీళ్ళు కాచి పారబోస్తే చాలు. ఇసుకతో గాని, స్టీలు పీచుతో గాని గీకవద్దు. కెటిల్‌ను నీళ్ళలో ముంచి కడగవద్దు.

వోల్టేజి తక్కువగా ఉన్నా నీళ్ళు ఆలస్యంగానే కాగుతాయి. 230 వోల్టులు ఉండవలసిన చోట 180 మాత్రమే వస్తే, 1500 వాట్ల కెటిల్ సుమారు 900 వాట్ల పనే చేస్తుంది. అది కెటిల్ తప్పు కాదు. అయితే ముట్టుకుంటే జివ్వుమన్నా, ప్లగ్గు నల్లబడినా, అడుగు నుండి నీళ్ళు కారినా, నీళ్ళు మరిగాక తనంతట తాను ఆగకపోయినా ఇక దానిని వాడకండి. ఎవరికీ ఇవ్వకండి కూడా.

ఇప్పుడు గోడ చూద్దాము. 1500 వాట్ల కెటిల్ సుమారు ఆరున్నర ఆంపియర్లు లాగుతుంది. ఫ్యానుకు, ఫోను ఛార్జరుకు వాడే చిన్న సాకెట్టు 6 ఆంపియర్లకు చేసినది. అందులో రోజూ పెడితే సాకెట్టు వేడెక్కి కరిగే ప్రమాదమున్నది. కనుక 16 ఆంపియర్ల పెద్ద సాకెట్టు, దానికి తగిన లావు తీగ ఉన్న ఇళ్ళకే 1500 వాట్లది తగును. చిన్న సాకెట్టు మాత్రమే ఉంటే 1000 వాట్లది కొనండి. లీటరు నీళ్ళకు మొదటిది నాలుగైదు నిమిషాలు, రెండవది ఆరేడు నిమిషాలు తీసుకుంటుంది. తేడా అంతే. కరెంటు ఖర్చు రెండింటికీ ఇంచుమించు ఒక్కటే, లీటరుకు యూనిట్‌లో పదో వంతు. ఏదైనా సరే, ఎక్స్‌టెన్షన్ పెట్టెకు మాత్రం తగిలించవద్దు.

ప్లగ్గులో పైనున్న లావు పిన్ను ఎర్తు కోసము. లోపల తీగ దెబ్బతిని స్టీలు ఒంటికి కరెంటు వచ్చినా, ఎర్తు సరిగా ఉంటే అది భూమిలోకి పోతుంది. లేకపోతే ముట్టుకున్న మనిషి గుండా పోతుంది. ఆ పిన్ను విరిచి వాడే ఇళ్ళు మన పల్లెల్లో ఇంకా ఉన్నాయి. దయచేసి అలా చేయకండి. ఎర్తు గుంటలో బొగ్గు, ఉప్పు వేయించి, వేసవిలో అప్పుడప్పుడు నీళ్ళు పోయండి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్లకు పడిపోయే ఆర్.సి.సి.బి. ఒకటి పెట్టించుకుంటే ఇంటిల్లిపాదికీ రక్షణ.

ఇక అంగడిలో చూడవలసినవి. లోపలి భాగము, మూత అడుగు కూడా స్టీలుదై ఉండాలి. 304 రకము స్టీలు త్వరగా తుప్పు పట్టదు. ఐ.ఎస్.ఐ. గుర్తు వెదకండి. అంగడి ముద్రతో గ్యారంటీ కార్డు, రశీదు అడిగి తీసుకోండి. నలుగురైదుగురున్న ఇంటికి లీటరున్నర సరిపోతుంది. మరిగాక తనంతట ఆగడము, నీళ్ళు లేకుండా వేస్తే ఆగిపోవడము, ఈ రెండూ తప్పనిసరి. ఆవిరి ఒక సన్నని దారి గుండా వెళ్ళి, రెండు లోహాలు అతికించిన చిన్న బిళ్ళను వేడిచేస్తుంది. ఆ బిళ్ళ వంగి స్విచ్‌ను పడేస్తుంది. 1950లలో ఇంగ్లాండులో రస్సెల్ హాబ్స్ కంపెనీ కెటిల్‌లో ఈ ఏర్పాటు తెచ్చింది. మూత తెరిచి ఉంచితే ఆవిరి అటు వెళ్ళదు, కెటిల్ ఆగదు. కనుక మూత గట్టిగా పడుతుందో లేదో అక్కడే చూడండి.

కెటిల్‌లో నీళ్ళే కాచండి. పాలు పొంగి అడుగంటుతాయి, టీ పొడి మూతికి అడ్డుపడుతుంది. ఇంకొక మాట. మరగబెడితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నల్లగొండ, ప్రకాశం జిల్లాల్లోని ఫ్లోరైడు గ్రామాలవారు కాచిన బోరు నీళ్ళు క్షేమమని అనుకోకూడదు.

చివరిగా పిల్లల సంగతి. తీగ బల్ల అంచున వేలాడుతుంటే పాకే బిడ్డ దానిని పట్టుకు లాగుతుంది. కెటిల్‌ను గోడవైపు, పిల్లల చేయి అందని ఎత్తులో ఉంచండి. పొట్టి తీగ ఉన్నదే ఎన్నుకోండి. ఒకవేళ వేడినీళ్ళు ఒంటిమీద పడితే వెంటనే ఆ చోట ఇరవై నిమిషాలపాటు చల్లని నీళ్ళు ధారగా పోసి, ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పేస్టు, సిరా, పసుపు పూయవద్దు.

రంగు, ధర ఇవన్నీ చూసుకున్న తరువాతే. సాకెట్టు చిన్నదైతే, ఎర్తు లేకపోతే, ఈ నెల కెటిల్ డబ్బును ఎలక్ట్రీషియనుకు ఇవ్వండి. కెటిల్ వచ్చే నెల కొనవచ్చు. అంతవరకు పొయ్యిమీద గిన్నె ఉండనే ఉన్నది.