బస్సులో పంపే గోలీలు

ఈ వానాకాలం నాట్లప్పుడు మా ఓపీకి ఒక పెద్దమ్మ వచ్చింది. జబ్బు ఆమెకు కాదు. ‘కొడుకు గోలీలు ఇయ్యి సారూ, బొంబాయి బస్సు డ్రైవర్‌తోని పంపిస్తా’ అంది. కొడుక్కి టీబీ. మూడో నెలలో మేస్త్రీ పిలిస్తే పనికి వెళ్లిపోయాడు. అదే బెంచీ మీద చలిజ్వరంతో బిహార్ కుర్రాడొకడు ఉన్నాడు. ఆమె ఊళ్లోనే నాట్లు వేయడానికి వచ్చాడట!

‘పాలమూరు లేబర్’ లేని డ్యామ్ మన దేశంలో అరుదు. ఇప్పుడు ఎత్తిపోతల నీళ్లొచ్చి వరి పెరిగింది, నాటే చేతులు చాలడం లేదు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో హమాలీలు బిహారీలే. మన దగ్గరే కాదు, 2007లో యూరోపియన్ యూనియన్‌లో చేరాక రుమేనియా జనం ఇటలీ, స్పెయిన్, జర్మనీలకు తరలిపోయారు. వాళ్లతో పాటు డాక్టర్లూ వెళ్లారు. ఇప్పుడు అక్కడి భవనాలు కట్టడానికి నేపాల్, శ్రీలంక, మన దేశం నుంచి కూలీలు వెళ్తున్నారు.

పొలానికి మరో కూలీ దొరుకుతాడు. మధ్యలో ఆగిన మందు సంగతి వేరు. టీబీ మందులు మామూలుగా ఆరు నెలలు వాడాలి. కొన్ని వారాలకే దగ్గు తగ్గి, ఒళ్లు తేలికై, పనికి పోవాలనిపిస్తుంది. అక్కడే మానేస్తే క్రిములు మందుకు లొంగకుండా మొండికేస్తాయి. ఇక రేకుల షెడ్డులో పది మంది పక్కపక్కన పడుకుంటే ఏమవుతుందో చెప్పాలా? బీపీ గోలీలు మానేసి, పక్షవాతంతో పండక్కి ఇల్లు చేరేవాళ్లనూ ఏటా చూస్తుంటాను.

నిక్షయ్ ఐడీ ఉంటే టీబీ వైద్యాన్ని దేశంలో ఎక్కడికైనా బదిలీ చేయొచ్చు. మందులు ఉచితం. 2024 నవంబరు నుంచి పోషణకు నెలకు 1,000 రూపాయలు ఇస్తున్నారు. అంతకుముందు 500. ఈ సంగతి ప్రయాణానికి ముందు చెప్పనిది మేమే, ఒప్పుకోవాలి.

మీ ఇల్లు కడుతున్న తాపీ మేస్త్రీని, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌ను ఓసారి అడగండి: ‘ఏమైనా మందులు వాడుతున్నావా? చీటీ ఉందా?’ ఉంటే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోమనండి. రెండు వారాలకు మించి దగ్గుతుంటే సర్కారు దవాఖానకు పంపండి, ఆ పూట కూలి కోయకుండా.

పెద్దమ్మ కొడుక్కి ఫోన్ చేసి, అక్కడి టీబీ కేంద్రానికి బదిలీ చేయించాం. వారం తర్వాత తనే చేశాడు. ‘గోలీలు ఇచ్చిండ్రు సారూ. మేస్త్రీ మాత్రం సగం రోజు కూలి పట్టుకుండు.’