కూర్చుని లెక్క చూసుకుందాం

మే, జూన్ నెలల్లో నర్సీపట్నం చుట్టుపక్కల సంఘాల్లో ప్రార్థన మనవులు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. "అయ్యగారూ, మా బాబుకి మంచి కాలేజీలో సీటు రావాలి." సంక్రాంతి నాటికి అదే ఇంటి నుంచి వచ్చే మనవి వేరు. "అప్పు తీరే దారి చూపమని ప్రార్థించండి." ఈ రెండు మనవుల నడుమ ఏం జరుగుతోందో ఈ వారం ఆలోచిద్దాం.

"ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదా, చదువు ఉచితమే" అన్న ఒక్క మాట మీద చాలా కుటుంబాలు నిర్ణయం తీసుకుంటున్నాయి. ఆ పథకం వల్ల పేదింటి బిడ్డలు ఎందరో ఇంజినీర్లయ్యారు. అందుకు కృతజ్ఞులమే. కానీ దానికి షరతులున్నాయి. కుటుంబ ఆదాయం ఏడాదికి రెండున్నర లక్షలు దాటకూడదు. సీటు కన్వీనర్ కోటాలో రావాలి, హాజరు 75 శాతం ఉండాలి. యాజమాన్య కోటాలో చేరితే రాదు. పైగా అది ఫీజు వరకే. 2020లో మొదలైన వసతి దీవెనలో డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థికి ఏడాదికి 20 వేలు అన్నారు. పన్నెండు నెలలకు పంచితే నెలకు 1,700 కూడా కాదు. విశాఖలో హాస్టల్లో ఉండే బిడ్డకు ఆ డబ్బుతో నెల గడుస్తుందా? బస్సు చార్జీలు, పుస్తకాలు, పరీక్ష ఫీజులు, లాప్‌టాప్ వేరే. ప్రభుత్వం వాయిదా ఆలస్యం చేస్తే ఒత్తిడి వచ్చేది తల్లిదండ్రుల మీదికే.

అప్పుడు తెలిసిన దారి వడ్డీ వ్యాపారే. నూటికి నెలకు మూడు రూపాయల చొప్పున లక్ష తెస్తే ఏడాదికి వడ్డీ 36 వేలు. నాలుగేళ్లకు 1,44,000 కట్టినా అసలు అలాగే ఉంటుంది. పెద్దబిడ్డ కోసం చేసిన ఈ అప్పు రెండో బిడ్డ చదువును ఆపేస్తుంది. ఆ రెండో బిడ్డ తరచుగా ఆడపిల్లే. మమ్మల్ని ఎక్కువగా బాధిస్తున్నది ఇదే.

బ్యాంకు విద్యా రుణం సంగతి మనవాళ్లలో చాలామంది అడగనైనా అడగరు. 4 లక్షల వరకు సాధారణంగా ఆస్తి తాకట్టు అక్కరలేదు. చదువు ముగిసిన ఏడాది వరకు వాయిదాలు కట్టనక్కరలేదు. ఆదాయం నాలుగున్నర లక్షల లోపు ఉన్న కుటుంబాల పిల్లలు గుర్తింపు పొందిన సంస్థల్లో వృత్తి, సాంకేతిక కోర్సులు చదివితే ఆ కాలానికి వడ్డీని కేంద్రమే భరించే పథకం ఉంది. రుణం కూడా అప్పే, తీర్చవలసిందే. కానీ మూడు రూపాయల వడ్డీతో దానికి పోలికే లేదు. ఆదాయ, కుల ధృవీకరణ పత్రాలు ముందే సిద్ధం చేసుకోవాలి. ఏజెన్సీ నుంచి వచ్చిన మన సహోదరులు గుర్తుంచుకోవాలి: క్రైస్తవులైనంత మాత్రాన గిరిజనుల ఎస్టీ హోదా పోదు.

గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క చూసుకుంటాడని ప్రభువు చెప్పిన సంగతి మనం శిష్యత్వం గురించి బోధిస్తాం. అది సరైనదే. అయితే ఆయన ఎంచుకున్న ఉదాహరణ ఇంటి లెక్కే అని మరచిపోతాం. లెక్క చూసుకోవడం అవిశ్వాసం కాదు.

అందుచేత సంఘ పెద్దలకు మా మనవి ఇది. కౌన్సెలింగ్‌లో కాలేజీలు ఎంచుకోకముందే ఒక ఆదివారం ఆరాధన తర్వాత ఆ కుటుంబాలను కూర్చోబెట్టండి. మన సంఘాల్లో ఉపాధ్యాయులున్నారు, బ్యాంకు ఉద్యోగులున్నారు. ఒక కాగితం మీద ఒక పక్క నాలుగేళ్ల ఖర్చు, మరో పక్క ఖాయంగా వచ్చే డబ్బు రాయించండి. తేడా ఎంతో బిడ్డకు కూడా తెలియాలి. తేడా భరించలేనంత ఉంటే, ఇంటి నుంచి వెళ్లి చదివే ప్రభుత్వ కళాశాల చిన్నతనం కాదని పెద్దలే చెప్పాలి. కోత పండుగ కానుకల్లో కొంత తీసి మొదటి ఏడాది హాస్టలు ఖర్చుకు నిధిగా ఉంచాలి. ఆదిసంఘం విధవరాండ్ర భోజనం కోసం ఏడుగురిని ఏర్పరచింది. మన బిడ్డల చదువు కోసం ఇద్దరిని ఏర్పరచలేమా?

సీటు కోసం ప్రార్థిద్దాం. ప్రార్థించి లేచాక కాగితం, కలం తీసుకుని కూర్చుందాం.