గుండెల మీదికెల్లి పోతున్న గాలిమోటర్లు

రాత్రి పది దాటినంక బస్తీలో బరాత్ డీజే మోగితే పోలీసులొచ్చి బంద్ చేయిస్తరు. మంచిదే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇండ్లున్న చోట రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా 45 డెసిబెళ్లు దాటొద్దు. మరి అదే చట్టం విమానం ముందట ఎందుకు తల వంచింది? 2018లో కేంద్ర పర్యావరణ శాఖ విమానాశ్రయాల కోసం వేరే కొలబద్ద తెచ్చింది. ఏడాదికి 50 వేలకు మించి విమానాలు ఎక్కిదిగే విమానాశ్రయం చుట్టూ గీసిన శబ్ద మండలంలో పగలు 70, రాత్రి 65. బస్తీకి 45, విమానానికి 65! ఇరవై తేడానే గదా అనుకునేరు. డెసిబెళ్ల లెక్క కూడిక కాదు, గుణకారం. పది పెరిగితే శబ్దశక్తి పదింతలు, ఇరవై పెరిగితే నూరింతలు. అదే ఏడాది ప్రపంచ ఆరోగ్య సంస్థ విమానాల రాత్రి మోత 40 దాటొద్దని చెప్పింది. చెప్పింది ఎవరికి? విన్నది ఎవరు?

ఇది చెవుల సంగతి కాదు, గుండె సంగతి. మనం పండుకున్నా చెవి పండుకోదు. మీదినుంచి మోత రాగానే మెదడు దాన్ని ఆపదగా లెక్కగడుతది. అడ్రినలిన్, కార్టిసాల్ రక్తంలోకి దిగుతయి. నాళాలు బిగుసుకుంటయి, బీపీ లేస్తది. మనిషికి మెలకువ వచ్చే పని కూడా లేదు. 2008లో యూరప్‌లోని నాలుగు విమానాశ్రయాల దగ్గర 140 మందికి నిద్రలో బీపీ కొలిచిండ్రు. విమానం పోయినప్పుడల్లా పై అంకె సగటున ఆరు పాయింట్లు పెరిగింది. ఒక్క రాత్రి అయితే గుండె ఓర్చుకుంటది. ఏండ్లకేండ్లు, రాత్రికి ఇన్ని సార్లు అయితే? బీపీ గోళీలు రాసే డాక్టరు ఉప్పు తగ్గించుమంటడు, పొద్దున నడువుమంటడు. నీ ఇంటి మీదికెల్లి రాత్రి ఎన్ని విమానాలు పోతున్నయని అడిగిన డాక్టరును మేం ఇంతవరకు చూడలేదు.

లండన్ హీత్రూ చుట్టూ ఉండే 36 లక్షల మంది లెక్కలు 2013లో బయటికొచ్చినయి. మోత ఎక్కువున్న చోట్ల గుండెజబ్బుతో, పక్షవాతంతో దవాఖానలో చేరే ముప్పు ఎక్కువని తేలింది. వెంటనే వకాల్తా పుచ్చుకునేటోళ్లు లేచిండ్రు: అక్కడ ఉండేది బీదోళ్లు, పొగతాగేటోళ్లు, మోతకేం సంబంధమని. దీనికి జవాబు జ్యూరిక్ నుంచి 2020లో వచ్చింది. 2000 నుంచి 2015 దాకా ఆ విమానాశ్రయం పరిసరాల్లో గుండె, రక్తనాళాల జబ్బులతో చనిపోయిన దాదాపు 25 వేల మంది లెక్క తీసిండ్రు. ఒక మనిషిని ఇంకో మనిషితో పోల్చలేదు. అదే మనిషి చనిపోయిన వేళను అతని ఇతర రోజుల అదే వేళతో పోల్చిండ్రు. ఇగ బీదరికం సాకు ఎక్కడ? చావుకు ముందటి రెండు గంటల్లో రాత్రి మోత 40 నుంచి 50 ఉంటే ముప్పు 33 శాతం ఎక్కువ, 50 దాటితే 44 శాతం. ఇంకో మాట గమనించాలె. రోడ్డు, రైలు రొద తక్కువున్న చోట, పాత ఇండ్లలో ఈ దెబ్బ గట్టిగ తగిలింది. శంషాబాద్ చుట్టూ ఉన్న ఊర్లు ఎట్లాంటివో ఎవరికి తెల్వదు?

2008 మార్చి 23 దాకా ఈ మోత రసూల్‌పురా నెత్తిన ఉండె. బేగంపేట నుంచి ప్రయాణికుల విమానాలు ఆనాడు శంషాబాద్ పోయినయి. మోత పోలేదు, మనుషులు మారిండ్రు.

ఏం చేయగలమని చేతులు ముడుచుకునేటోళ్లు జర్మనీ దిక్కు చూడాలె. ఫ్రాంక్‌ఫర్ట్‌లో 2011లో తెరిచిన కొత్త రన్‌వే కోసం అక్కడి రాష్ట్ర సర్కారు రాత్రి 11 నుంచి 5 దాకా సగటున 17 విమానాలకు అనుమతిచ్చింది. జనం ఊకోలేదు. సోమవారం సోమవారం టెర్మినల్ లోపలికే పోయి నినాదాలిచ్చిండ్రు. కోర్టుకెక్కిండ్రు. 2012లో దేశ అత్యున్నత పరిపాలనా న్యాయస్థానం ఆ ఆరు గంటల నిషేధాన్ని ఖాయం చేసింది. విమానాశ్రయం మూతపడలేదు, నగరం దివాళా తీయలేదు.

నడిరాత్రి గల్ఫ్ విమానం ఎక్కేది మన కరీంనగర్, నిజామాబాద్ పిల్లలే గదా, వాళ్ల పొట్ట కొడుతరా అని ఒక ప్రశ్న వస్తది. న్యాయమైన ప్రశ్నే. కానీ ఆ పిల్లగాడు అర్ధరాత్రి మూడు గంటల విమానం కోరుకోలేదు. కంపెనీ ఇచ్చిన టైముకు ఎక్కుతున్నడు. అన్ని విమానాలు ఆపుమని మేం అంటలేము. పొద్దుగాల నడపగలిగినవి పొద్దుగాల నడపాలె. దిగే దారి కింద కొత్త వెంచర్లకు పర్మిషన్లు ఆపాలె. ఇప్పటికే ఉన్న ఇండ్లకు మోత ఆపే కిటికీలు, తలుపులు విమానాశ్రయం ఖర్చుతోటే పెట్టియ్యాలె. 65 అనే అంకెను కొట్టేసి, ఇండ్లున్న చోట రాత్రికి 45 రాయాలె. ప్రతి రాత్రి మోత కొలిచి ఆ అంకెలను పంచాయతీ గోడ మీద, వార్డు ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించాలె.