ఒక్కరోజులో ఎన్ని చూడాలి?

పిల్లలూ, మొన్న శనివారం మేం మస్కట్ చూడటానికి బయలుదేరాం. పొద్దున్నే పెద్ద మసీదు, తర్వాత 2011లో తెరిచిన ఒపేరా హౌస్, మత్రా కోట, సాయంత్రం సూక్. అంతా పరుగే! రాత్రి మా బాబుని "ఏం చూశావు నాన్నా?" అని అడిగితే, "ఉండమ్మా, ఫోటోలు చూసి చెప్తా" అన్నాడు.

తర్వాతి వారం ఖురంలో మడచెట్ల దగ్గర మాత్రమే ఆగాం. బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన వేర్లతో ఆ చెట్లు గాలి పీలుస్తాయి. అరబ్బీలో వీటిని 'ఖుర్మ్' అంటారు. ఖురం పేరు అలా వచ్చిందే. మన కాకినాడ దగ్గర కోరింగలోనూ మడచెట్లున్నాయి. ఆ రాత్రి వాడు ఫోటో చూడకుండానే అమ్మమ్మకి ఫోన్‌లో అన్నీ చెప్పాడు.

అందుకే అంటున్నా: పదిచోట్లకి పరుగెత్తకండి, ఒక్కచోట నిలబడి చూడండి. ఇంటికొచ్చి తెలుగులో చెప్పండి. చెప్పగలిగితేనే చూసినట్టు!